1934 కలకత్తా లీగ్: మొహమ్మడన్ స్పోర్టింగ్ ఎలా గెలిచింది, ఆ గెలుపులో మన పిల్లలకు ఏముంది?

2022 డిసెంబర్ 18 రాత్రి. ఖతర్‌లో ప్రపంచ కప్ ఫైనల్. నరసరావుపేటలో మా చిచ్చా వాళ్లింట్లో హాలు నిండా పిల్లలే. సగం మంది మెస్సీ, సగం మంది ఎంబాపే. ఆట అయిపోయి అర్జెంటీనా కప్పు ఎత్తాక, పదో తరగతి చదివే మా చిచ్చా కొడుకు నన్ను అడిగాడు: "అన్నా, వాళ్ల సంగతి సరే. మన దేశంలో మనవాళ్లు ఎప్పుడైనా ఇట్లా గెలిచారా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయా. చదివింది బీకాం. బ్యాలెన్స్ షీట్ అడిగితే చెప్తా గానీ ఫుట్‌బాల్ చరిత్ర ఎక్కడ తెలుసు? మూల కుర్చీలో కూర్చున్న మా దాదా మాత్రం అన్నారు: "కలకత్తాలో ఒక టీము ఉండేదిరా, మొహమ్మడన్ స్పోర్టింగ్. ఇంగ్లీషోళ్లను వరసగా ఓడించారంట. మా అబ్బా చెప్పేవారు." అంతకు మించి ఆయనకూ తెలీదు.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను చదవడం మొదలుపెట్టా. చదివేకొద్దీ ఒక సంగతి అర్థమైంది. ఈ కథను మన ఇళ్లలో చెప్పుకునేటప్పుడు "మనవాళ్లు గెలిచారు" అనేదే చెప్తాం. ఎలా గెలిచారు అనేది చెప్పం. అసలు పనికొచ్చేది ఆ రెండోదే. అందుకే ఈ వ్యాసం.

జాతీయ ఛాంపియన్‌షిప్ లేని రోజులు

ముందు ఒక విషయం. మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది, రెండోది 1939లో మొదలైంది. ఈ మధ్య 20 ఏళ్లలో ఇటలీ, జర్మనీ, హంగరీ లాంటి దేశాల్లో దాదాపు ఏటా దేశ ఛాంపియన్ ఎవరో తేలిపోయేది. మన దేశంలో అలాంటి పోటీయే లేదు. దేశం మొత్తానికి ఫుట్‌బాల్ సంఘమే 1937లో సిమ్లాలో పుట్టింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1941లో మొదలైంది.

మరి అంతకుముందు ఏముండేది? మూడు పెద్ద కప్పులు ఉండేవి. సిమ్లాలో 1888లో మొదలైన డ్యూరాండ్ కప్, బొంబాయిలో 1891లో మొదలైన రోవర్స్ కప్, కలకత్తాలో 1893లో మొదలైన ఐఎఫ్ఏ షీల్డ్. వీటికి తోడు 1898 నుంచి కలకత్తా లీగ్. పేరుకు అది ఒక్క ఊరి లీగే. కానీ దేశంలో అంత గట్టి పోటీ మరెక్కడా లేదు. అక్కడ ఆడిన జట్లు బ్రిటిష్ సైనిక రెజిమెంట్లు, యూరోపియన్ల క్లబ్‌లు, కొన్ని భారతీయ క్లబ్‌లు. కలకత్తా లీగ్ గెలిచిన వాళ్లకు దేశమంతా పేరు వచ్చేది. కాబట్టి ఆ కాలంలో జాతీయ ఛాంపియన్‌షిప్‌కు దగ్గరగా ఉన్నది ఏదంటే, అదే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ లీగ్ మొదటి డివిజన్లో చాలా ఏళ్లు భారతీయ క్లబ్‌లకు రెండే సీట్లు. మూడో భారతీయ క్లబ్ ఎంత బాగా ఆడినా పైకి రానిచ్చేవాళ్లు కాదు. ఈస్ట్ బెంగాల్ క్లబ్ గట్టిగా పోరాడాక, 1925 ప్రాంతంలో ఆ గేటు తెరుచుకుంది. ఆ గేటు అలాగే మూసి ఉంటే ఇప్పుడు మనం చెప్పుకునే 1934 సీజన్ వచ్చేదే కాదు.

కోడిపందెం వేరు, ఏడాది లెక్క వేరు

1911 జులై 29న మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. భారతీయ జట్టు అంత పెద్ద కప్పు గెలవడం అదే మొదలు. ఆ గెలుపు ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది, ఉండాల్సిందే కూడా.

అయితే షీల్డ్ నాకౌట్ పోటీ. అంటే ఓడితే ఇంటికే. మన పల్నాడులో దీన్ని వివరించడం తేలిక. కోడిపందెం ఎట్లాగో అట్లా. ఒక్క పందెంలో రాజ్యం పోయి అడవుల పాలైన కథ మాచర్ల పిల్లలకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్క రోజు బాగుంటే చాలు, గెలిచేయొచ్చు. ఒక్క రోజు బాగాలేకపోతే అంతే సంగతి.

లీగ్ అలా కాదు. అందరూ అందరితో ఆడాలి. గెలిస్తే అప్పట్లో రెండు పాయింట్లు, డ్రా అయితే ఒకటి, ఓడితే సున్నా. సీజన్ చివర్లో మొత్తం కూడతారు. ఒక చిన్న లెక్క చూడండి. ఒక జట్టు పది మ్యాచ్‌ల్లో ఏడు గెలిచి మూడు ఓడింది, 14 పాయింట్లు. ఇంకో జట్టు ఆరే గెలిచింది, కానీ మూడు డ్రా చేసుకుని ఒక్కటే ఓడింది, 15 పాయింట్లు. రెండో జట్టే పైన ఉంటుంది. అంటే లీగ్‌లో గెలవడం ఎంత ముఖ్యమో, ఓడకుండా ఉండటం కూడా అంతే ముఖ్యం.

మా కామర్స్ భాషలో చెప్పాలంటే నాకౌట్ ఒక పెద్ద బేరం లాంటిది. లీగ్ మార్చి 31న మూసే ఖాతా. ఒక మంచి రోజుతో ఖాతా నిండదు. వాన రోజూ, ఎండ రోజూ, కాలు నొప్పి రోజూ, అన్నీ అందులో ఎక్కుతాయి.

అందుకే 1911లో షీల్డ్ గెలిచినా, లీగ్ మాత్రం భారతీయ క్లబ్‌లకు అందలేదు. మోహన్ బగాన్ కొన్నిసార్లు రెండో స్థానం దాకా వచ్చి ఆగిపోయింది. 1898 నుంచి 1933 దాకా ఒక్క భారతీయ క్లబ్ కూడా లీగ్ గెలవలేదు. చివరి మూడేళ్లు, అంటే 1931, 1932, 1933ల్లో, డర్హమ్ లైట్ ఇన్‌ఫాంట్రీ అనే సైనిక జట్టు వరసగా గెలిచింది.

అసలు సమస్య వాన

బ్రిటిష్ జట్లు ఎందుకు గెలిచేవి? బలం, తిండి, రోజూ కసరత్తు, అన్నీ ఉన్నాయి. వీటన్నిటికీ మించి ఒక చిన్న కారణం ఉంది. బూట్లు.

కలకత్తా లీగ్ ఎండాకాలం చివర్లో మొదలై వానాకాలంలోకి సాగుతుంది. భారతీయ ఆటగాళ్లు ఎక్కువ మంది ఉత్త కాళ్లతో ఆడేవాళ్లు. పొడి నేల మీద అది లోటేమీ కాదు, లాభమే. బంతి కాలి వేళ్లకు తెలుస్తుంది, చటుక్కున తిరగొచ్చు. బూట్లు వేసుకున్న సైనికుడు తిరిగే లోపల మనవాడు దాటిపోతాడు.

వాన పడితే కథ తిరగబడుతుంది. మన నల్లరేగడి చేలో జులైలో చెప్పుల్లేకుండా పరుగెత్తి చూసిన వాళ్లకి ఇది తెలుసు. నాలుగడుగులు వేసేసరికి జారుడు. ఆ కాలపు తోలు బంతి నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది. దాన్ని ఉత్త కాలితో గట్టిగా తన్నాలంటే పాదం నొప్పి. ఎదుటివాడి బూటు కింద మేకుల్లాంటి స్టడ్లు ఉంటాయి, అవి బురదలో దిగి పట్టు ఇస్తాయి. అవే మనవాడి పాదం మీద పడితే ఆ సీజన్ అయిపోయినట్టే.

నాకౌట్‌లో అదృష్టం బాగుంటే నేల పొడిగా ఉన్న రోజు మ్యాచ్ పడొచ్చు. లీగ్‌లో అలా కుదరదు. సగం మ్యాచ్‌లు బురదలోనే. మేలో సంపాదించిన పాయింట్లు జులైలో జారిపోయేవి. ఏటా జరిగింది ఇదే.

మొహమ్మడన్ స్పోర్టింగ్ ఏం చేసింది?

ఈ క్లబ్ 1891లో కలకత్తా ముస్లింలు పెట్టుకున్నది. తెలుపు నలుపు జెర్సీ. నలభై ఏళ్లు పెద్దగా పేరు లేదు. చాలా కాలం రెండో డివిజన్లోనే ఉంది. 1930ల మొదట్లో క్లబ్ నడిపిన వాళ్లు, ముఖ్యంగా అజీజ్ అనే సెక్రటరీ, కూర్చుని ఆలోచించి రెండు పనులు చేశారు.

ఒకటి, బూట్లు. వాన పడి నేల తడిగా ఉన్న రోజు బూట్లు వేసుకుని ఆడటం ఆటగాళ్లకు అలవాటు చేశారు. చెప్పడానికి చిన్న పనే. కానీ చిన్నప్పటి నుంచి ఉత్త కాళ్లతో ఆడినవాడికి బూటు వేస్తే బంతి ఎక్కడుందో తెలీదు. పరుగు మారుతుంది, దెబ్బ మారుతుంది. మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. పేరున్న ఆటగాడికి అది ఎంత కష్టమో ఆలోచించండి. "ఇన్నాళ్లు ఇట్లాగే ఆడాం కదా" అనే మాట ఎవరికైనా వస్తుంది. ఆ మాట దాటి నేర్చుకున్నారు. పొడి రోజున ఉత్త కాళ్ల వేగం, తడి రోజున బూట్ల పట్టు, రెండూ వాళ్ల చేతిలో ఉన్నాయి. ఎదుటి జట్టుకి ఒక్కటే ఉంది.

రెండు, మనుషులు. కలకత్తాలో ఉన్నవాళ్లతోనే సరిపెట్టుకోలేదు. దేశంలో ఎక్కడ మంచి ఆటగాడు ఉన్నాడని ఖబర్ వచ్చినా వెతికి తెచ్చారు. వాయవ్యాన క్వెట్టా నుంచి దక్షిణాన బెంగళూరు దాకా. జుమ్మా ఖాన్, హాఫిజ్ రషీద్, అబ్బాస్, సలీం, నూర్ మొహమ్మద్ లాంటి పేర్లు ఆ దశాబ్దంలో ఆ క్లబ్ నుంచే ఊరూరా తెలిశాయి. ఒకడిది పష్తో, ఒకడిది ఉర్దూ, ఇంకొకడిది బంగ్లా. వాళ్లను ఒక జట్టుగా కలపడం కూడా ఒక పనే.

ఇప్పుడు ఐపీఎల్‌లో ఇది మామూలు. అప్పట్లో కాదు. అప్పట్లో క్లబ్ అంటే ఊరి క్లబ్, పేట క్లబ్. బయటి నుంచి ఆటగాళ్లను తెస్తున్నారని మొహమ్మడన్‌ను విమర్శించిన వాళ్లూ ఉన్నారు. కొన్నేళ్లకు మిగతా పెద్ద క్లబ్‌లు కూడా అదే దారి పట్టాయి.

1934 సీజన్

1933 సీజన్ ముగిశాక మొహమ్మడన్ స్పోర్టింగ్ రెండో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కు ఎక్కింది. 1934 వాళ్లకి పై డివిజన్లో మొదటి సీజన్. మామూలుగా కొత్తగా ఎక్కిన జట్టు కోరుకునేది ఒక్కటే, మళ్లీ కిందకి పడిపోకుండా ఉంటే చాలని. వీళ్లు ఏకంగా లీగ్ గెలిచారు. మూడేళ్లుగా ఛాంపియన్లైన సైనిక జట్టు చేతిలోంచి కప్పు వచ్చేసింది. 1898లో లీగ్ మొదలయ్యాక ఒక భారతీయ క్లబ్ గెలవడం అదే మొదటిసారి.

ఒక్క ఏడాదైతే అదృష్టం అనొచ్చు. 1935లో మళ్లీ గెలిచారు. 1936లో లీగ్‌తో పాటు ఐఎఫ్ఏ షీల్డ్ కూడా గెలిచారు. 1911 తర్వాత షీల్డ్ ఒక భారతీయ జట్టుకు రావడం అప్పుడే. ఒకే ఏడాది రెండూ గెలిచిన మొదటి భారతీయ జట్టు కూడా వాళ్లే. 1937, 1938 లీగ్‌లు కూడా వాళ్లవే. వరసగా ఐదు సీజన్లు. ఐదేళ్ల ఖాతాలు వరసగా లాభంలో ఉంటే దాన్ని ఎవరూ అదృష్టం అనరు, ఆ యాపారంలో ఒక పద్ధతి ఉందంటారు.

కలకత్తా మైదానంలో ఆ రోజుల్లో కర్ర గ్యాలరీలు. లోపల చోటు దొరకని వాళ్లు చెట్లెక్కి చూసేవాళ్లు. ఆ గెలుపు మీద కవి కాజీ నజ్రుల్ ఇస్లాం కవిత రాశారు. దేశమంతా ఊళ్లలో ఇదే పేరుతో చిన్న చిన్న క్లబ్‌లు పుట్టాయి. దక్షిణాదిలో కూడా ఊపు వచ్చింది. 1937లో, 1938లో బొంబాయి రోవర్స్ కప్‌ను బెంగళూరు ముస్లిమ్స్ అనే జట్టు గెలిచింది. రోవర్స్ కప్ గెలిచిన మొదటి భారతీయ జట్టు అదే.

సలీం కాళ్లు

ఈ జట్టులోని ఒకరి కథ విడిగా చెప్పాలి. మొహమ్మద్ సలీం. కలకత్తా మెటియాబ్రూజ్ వాడు. కుడి వైపు వింగ్‌లో ఆడేవాడు. 1936లో ఒక బంధువు మాట మీద ఓడ ఎక్కి స్కాట్లండ్ వెళ్లి, గ్లాస్గోలోని సెల్టిక్ క్లబ్ తలుపు తట్టాడు. అప్పటి సెల్టిక్ మేనేజర్ విల్లీ మేలీ. బూట్లు లేకుండా ఆడతానంటే వాళ్లు మొదట నమ్మలేదు. సరే చూద్దామని పరీక్షించి, కాళ్లకు బ్యాండేజీ కట్టి దించారు.

హామిల్టన్ మీద సెల్టిక్ 5-1తో గెలిచింది. అందులో సలీం ఒక పెనాల్టీ గోల్ కొట్టాడు. గాల్‌స్టన్ మీద 7-1. అక్కడి పత్రికలు అతని కాళ్ల గురించి పొగిడి రాశాయి. యూరప్ క్లబ్‌కి ఆడిన మొదటి భారతీయుడిగా ఇప్పుడు అతని పేరే చెప్తారు. ఉండమని అడిగారు. కానీ ఇంటి మీద బెంగ పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు. మళ్లీ మొహమ్మడన్‌కే ఆడాడు.

చాలా ఏళ్ల తర్వాత, సలీం ముసలితనంలో జబ్బు పడ్డప్పుడు, కొడుకు సెల్టిక్‌కు ఉత్తరం రాశాడు. అక్కడి నుంచి జవాబుతో పాటు 100 పౌండ్ల డ్రాఫ్ట్ వచ్చింది. ఆ కుటుంబం దాన్ని బ్యాంకులో వెయ్యలేదు. జ్ఞాపకంగా దాచుకుంది. సలీం పేరు అక్కడ ఇంకా గుర్తుందా అని తెలుసుకోవడమే వాళ్లకి కావాల్సింది. గుర్తుంది.

ఈ గెలుపు ఎవరిది?

ఇక్కడ ఒక కష్టమైన మాట మాట్లాడుకోవాలి. తప్పించుకుని పోతే కథ సగమే చెప్పినట్టు.

1934లో మొహమ్మడన్ గెలిచినప్పుడు చాలా మంది దాన్ని తెల్లవాళ్ల మీద భారతీయుల గెలుపుగా చూశారు. హిందువులూ సంతోషించారు. ముస్లింలకి అది ఇంకా ఎక్కువ. చదువుల్లో, ఉద్యోగాల్లో వెనకబడి ఉన్న వాళ్లకు, ఒక పెద్ద ఊళ్లో నడి మైదానంలో తల ఎత్తుకునే రోజు అది. మా ముత్తాత దాకా ఆ పేరు వచ్చిందంటే కారణం అదే.

కానీ ఆ 1930లు బెంగాల్‌లో మామూలు కాలం కాదు. సీట్లు, ఓట్లు మతం లెక్కన పంచే రాజకీయం వేడెక్కుతోంది. ఏళ్లు గడిచేకొద్దీ గ్యాలరీలో "భారతీయ జట్టు గెలిచింది" అనే మాట తగ్గి, "ముస్లిం జట్టు గెలిచింది" అనే మాట పెరిగింది. సంతోషించే వాళ్లూ అలాగే అన్నారు, కోపపడే వాళ్లూ అలాగే అన్నారు. ఆట ఒకటే, చూసే కళ్లు విడిపోయాయి. కొన్ని మ్యాచ్‌ల దగ్గర గొడవలూ అయ్యాయి.

అంతా అలాగే ఉందనుకోవడం కూడా తప్పే. 1939లో ఏం జరిగిందో చూడండి. లీగ్ నడిపే ఐఎఫ్ఏ తమకు అన్యాయం చేస్తోందని మొహమ్మడన్ స్పోర్టింగ్ లీగ్ మధ్యలోంచి తప్పుకుంది. అప్పుడు తనతో పాటు బయటికి వచ్చింది ఎవరు? ఈస్ట్ బెంగాల్, కాళీఘాట్ లాంటి క్లబ్‌లు. వాటి అభిమానుల్లో ఎక్కువ మంది హిందువులే. అంటే ఆ తగాదా మతం తగాదా కాదు, క్లబ్‌లకూ సంఘానికీ మధ్య తగాదా. ఆ ఏడు మోహన్ బగాన్ తన మొదటి లీగ్ గెలిచింది. ఐదేళ్ల వరస అక్కడ తెగింది.

నాకు అనిపించేది ఇది. ఒక జట్టు మీద బిరాదరీ మొత్తం ఆశలు పెట్టుకుంటే ఆ జట్టుకు బలం వస్తుంది, నిజమే. కానీ ఆ జట్టు ఓడిన రోజు బిరాదరీ ఓడినట్టు, గెలిచిన రోజు ఎదుటివాళ్లని ఓడించినట్టు అనుకోవడం మొదలైతే, మైదానం బయట దానికి ధర కట్టాల్సి వస్తుంది. ఇప్పుడు ఇండియా-పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ రోజు మన మొహల్లాల్లో పెద్దవాళ్లు పిల్లలకి "బయట ఏం మాట్లాడకు" అని ఎందుకు చెప్తారో మనకు తెలుసు. ఆ భారం తొంభై ఏళ్ల కిందటిది.

1940లో మొహమ్మడన్ తిరిగి వచ్చింది. లీగ్ గెలిచింది, రోవర్స్ గెలిచింది. డిసెంబర్ 12న ఢిల్లీలో డ్యూరాండ్ ఫైనల్లో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. సైన్యం కోసమే 1888లో మొదలైన ఆ కప్పును ఒక భారతీయ పౌర జట్టు ఎత్తడం అదే మొదలు. అప్పటికి యుద్ధం మొదలై ఏడాది దాటింది. ఇంకో ఏడేళ్లకు దేశ విభజన. క్వెట్టా ఒక దేశంలో, కలకత్తా ఇంకో దేశంలో. దేశమంతా వెతికి ఆటగాళ్లను తెచ్చుకున్న ఆ దారి అక్కడ తెగిపోయింది.

అదే పద్ధతి, మన హైదరాబాద్‌లో

ఇప్పుడు మన వైపు రండి. అప్పట్లో మాచర్ల, గురజాల మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉండేవి. కృష్ణ దాటితే నిజాం రాజ్యం. ఆ నిజాం రాజ్యంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 1939లో ఏర్పడింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కూడా ఆ ఏడాదే మొదలైంది.

తర్వాత వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చాలా మందికి 2024లో వచ్చిన "మైదాన్" సినిమాతో తెలిసింది. ఆయన 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు. వృత్తి స్కూల్ టీచర్. అందుకే అందరికీ రహీం సాబ్. ఆయన కూడా నమ్మింది పద్ధతినే. ఎడమ కాలు బలహీనంగా ఉన్న పిల్లలు ఎడమ కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టారు. బంతిని కాళ్ల దగ్గరే అట్టిపెట్టుకోకుండా వెంటనే అందించాలనే నియమంతో పోటీలు పెట్టారు. లోటు ఎక్కడ ఉందో చూసి, దానికి మాత్రమే మందు వేయడం. కలకత్తాలో అజీజ్ బూట్లతో చేసిందీ ఇదే కదా.

ఫలితం చూడండి. హైదరాబాద్ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. సంతోష్ ట్రోఫీని, అంటే చివరికి వచ్చిన అసలు జాతీయ ఛాంపియన్‌షిప్‌ను, 1956-57లో, 1957-58లో హైదరాబాద్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం సాబ్ కోచ్‌గా ఉన్న భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడు, 1963 జూన్‌లో, రహీం సాబ్ క్యాన్సర్‌తో చనిపోయారు.

హైదరాబాద్ నుంచి భారత జట్టులోకి వెళ్లిన పేర్లు చూడండి. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్. ముస్లిం, హిందూ, క్రిస్టియన్, అందరూ ఒక ఉస్తాద్ చేతి కింద. మొహమ్మడన్ కథలో మనసుకు ముల్లులా గుచ్చుకునే ఆ ప్రశ్నకు, ఈ గెలుపు ఎవరిదన్న దానికి, నాకు దొరికిన మంచి జవాబు ఈ జాబితాయే.

మన ఇళ్లలో

ఇదంతా చదివాక మా చిచ్చా కొడుకుతో మళ్లీ కూర్చున్నా. "గెలిచారురా, వరసగా ఐదేళ్లు గెలిచారు" అన్నా. వాడి కళ్లు మెరిశాయి. తర్వాత బూట్ల సంగతి చెప్పా. అప్పుడు వాడు అడిగిన ప్రశ్న వేరే: "అంటే వాళ్లు బాగా ఆడేవాళ్లయినా మళ్లీ నేర్చుకున్నారా?"

అవును, అదే. ఈ కథ మొత్తంలో వాడు సరైన చోట వేలు పెట్టాడు.

మన ఇళ్లలో పిల్లలు ఆటకు వెళ్తానంటే రెండే మాటలు వింటాం. ఒకటి, "చదువు పాడవుతుంది." రెండోది, "మనకెవరు ఛాన్స్ ఇస్తారు?" మొదటిదానికి రహీం సాబ్ జవాబు. ఆయన డిగ్రీ చదివి టీచర్ ఉద్యోగం చేసుకుంటూనే దేశానికి కోచ్ అయ్యారు. రెండోదానికి 1934 జవాబు. భారతీయ క్లబ్‌లకు రెండే సీట్లు అన్న లీగ్‌లో, కింది డివిజన్ నుంచి ఎక్కిన మొదటి ఏడాదే గెలిచారు. అన్యాయం లేదని నేను అనను. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ గేటు తెరవమని ఒకళ్లు పోరాడారు, తెరిచాక గెలవడానికి ఇంకొకళ్లు సిద్ధంగా ఉన్నారు. రెండూ కావాలి.

వచ్చే వానాకాలం మన పిల్లలు స్కూల్ గ్రౌండ్ బురదలో బంతి తన్ని, బట్టలు పాడుచేసుకుని ఇంటికి వస్తారు. తిట్టే ముందు ఒక్క నిమిషం ఆగి, వాళ్ల కాళ్లకి ఏమున్నాయో చూడండి. వీలైతే ఒక జత బూట్లు కొనివ్వండి. గెలుస్తారా లేదా అనేది తర్వాతి లెక్క. జారకుండా నిలబడటం ముందు నేర్చుకోనివ్వండి.